తోపుడుబండి దగ్గర మొదలుపెట్టండి: స్వేచ్ఛావాదాన్ని బొమ్మల్లో చెప్పడం, పంచడం ఎలా?

నన్ను అందరూ అడిగే ప్రశ్నలు మూడే. ఈ బొమ్మలు దేనితో గీస్తున్నారు? వాటిని మేమూ వాడుకోవచ్చా? మేము గీసినవి మా బృందం దాటి ఎందుకు పోవడం లేదు? తిరుపతిలో చదువుకునే పిల్లలు అడుగుతారు. చిత్తూరు, పలమనేరు, పుత్తూరు వైపు నలుగురైదుగురు కలిసి ఆదివారం చర్చలు పెట్టుకునేవారు అడుగుతారు. మొదటి రెండింటికి జవాబు ఒక్కో వాక్యంలో అయిపోతుంది. మూడోదాని కోసమే ఇంత పొడుగు రాయాల్సి వచ్చింది.

సిద్ధాంతం గురించి ఒక్క మాట చెప్పి పక్కన పెడతాను. పక్కవాడికి హాని చేయనంత వరకు మనిషి తన ఒంటికి, తన పనికి, తన సంపాదనకు తానే యజమాని. ఆ మూడింటిలో సర్కారు ఎంత తక్కువ వేలు పెడితే అంత మేలు. నా లెక్కలో స్వేచ్ఛావాదం ఇంతే. ఇది మీకు నచ్చకపోయినా కింది పద్ధతి పనికొస్తుంది. మీ వాదానికి మీరు వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు.

కావలసినవి

- గీతల్లేని నోటుపుస్తకం, పెన్సిల్, లావుపాటి నల్ల స్కెచ్ పెన్ను.
- ఫోను. కంప్యూటర్ కూడా ఉంటే మంచిది. గీతబొమ్మలకు ఇంక్‌స్కేప్, రంగులు పూయడానికి క్రిటా. రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే.
- ఉచిత యూనికోడ్ ఫాంట్లు. శీర్షికకు రామభద్ర, చిన్న అక్షరాలకు మండలి లేదా నోటో సాన్స్ తెలుగు. ధూర్జటి పేరుతోనూ ఒక ఫాంటు ఉంది. రాజులు మత్తులు, వారి సేవ నరకప్రాయం అన్న కాళహస్తి కవి మన పనికి కులదైవం లాంటివాడే. అయినా నేను రామభద్రే వాడతాను, దూరానికి లావు అక్షరమే కనిపిస్తుంది.
- పాత ఎక్స్‌రే ఫిల్ములు నాలుగైదు, కట్టర్, స్పాంజి ముక్క, గుడ్డ మీద వేసే రంగు, రెండు మూడు గజాల గాడా గుడ్డ.
- విసుక్కోని జిరాక్సు దుకాణం.
- మీ అభిప్రాయాలతో పనిలేని ముగ్గురు మనుషులు. ఈ జాబితాలో అన్నిటికంటే దొరకనిది ఇదే.

ఫ్లెక్సు అవసరం లేదు. మాట చెబితే బొమ్మ గీసిచ్చే కృత్రిమ మేధ యాప్ కూడా వద్దంటాను. తెలుగు అక్షరాలను అది చాలాసార్లు ఛిన్నాభిన్నం చేస్తుంది. ఇడ్లీ బండి గీయమంటే ఏ ఊరిదో తెలియని బండి గీస్తుంది. చూసేవారు తమ వీధిని గుర్తుపట్టకపోతే తరువాతి అడుగులన్నీ వృథా.

1. ముందు మనిషిని వెతకండి

కొత్తవారు దాదాపు అందరూ ఒకే బొమ్మతో మొదలుపెడతారు. తెగిన సంకెళ్ళు, ఎగిరే పావురం, వెనకాల ఉదయిస్తున్న సూర్యుడు. అది ఏ పార్టీ కరపత్రమైనా కావచ్చు, ఏ బీమా కంపెనీ క్యాలెండరైనా కావచ్చు. చూసినవారు తల ఊపి, వేలితో పైకి తోసేస్తారు.

మీ ఊళ్ళో ఒక మనిషి, ఆ మనిషి చేయదలచిన ఒక పని, దానికి అడ్డొచ్చిన ఒక నిబంధన. ఈ మూడూ దొరికాకే పెన్సిల్ పట్టండి. మనం వెతకడానికి దూరం పోనక్కరలేదు.

ఎర్రచందనం తీసుకోండి. తన పట్టా భూమిలో తానే నాటి, నీళ్ళు పోసి, ఇరవై ముప్ఫై ఏళ్ళు కాపాడిన చెట్టును కొట్టాలన్నా, లారీ ఎక్కించాలన్నా రైతు అటవీ శాఖ అనుమతి తెచ్చుకోవాలి. శేషాచలంలో దొంగలు నరికే చెట్టూ, ఇతని చెట్టూ ఒకే జాతి కావడం ఇతని ఖర్మ. చెట్టు చుట్టూ కంచె గీసి, చెట్టుతో పాటు రైతునూ కంచె లోపలే నిలబెట్టండి. మాటలు లేకుండానే అర్థమవుతుంది.

చరిత్ర ఇష్టమైతే దానికీ మన జిల్లాలో సరుకుంది. 1959లో రాజాజీ స్వతంత్ర పార్టీ పెట్టి పర్మిట్-లైసెన్స్ రాజ్యం మీద, అంటే ప్రతి వ్యాపారానికీ సర్కారు అనుమతి కావాలన్న పద్ధతి మీద యుద్ధం ప్రకటించారు. ఆ పార్టీ అధ్యక్షుడు ఎన్.జి. రంగా 1962 ఉప ఎన్నికలో లోక్‌సభకు వెళ్ళింది చిత్తూరు నుంచే. ఈ సంగతి చిత్తూరు కుర్రవాళ్ళకు చెబితే నమ్మరు. కథగా గీయండి గానీ ఆ పార్టీ నక్షత్రం గుర్తును మీ పోస్టర్ మీద పెట్టకండి, ఓటు అడుగుతున్నారనుకుంటారు.

నాకు ఇప్పటికీ చేతకానిది పుత్తూరు కట్టు. ఎముక విరిగినవాడు పట్టా ఉన్న వైద్యుడి దగ్గరికి కాకుండా తన ఇష్టంతో అక్కడికి వెళ్ళవచ్చా, కూడదా అన్నది అసలు సిసలు స్వేచ్ఛ ప్రశ్న. కానీ కట్టు వికటించినవారి మాటా నిజమే. ఒకే చట్రంలో రెండూ పట్టేలా గీయలేక ఆరు కాగితాలు చింపేశాను. మీకు కుదిరితే నాకు పంపండి.

మొదటి ప్రయత్నానికి మాత్రం తోపుడుబండినే తీసుకోమంటాను. అందరూ చూసిందే, అందరూ తిన్నదే, గీయడం తేలిక. నా మొదటి బండి బొమ్మ కథ చెబితే ఒక పెద్ద తప్పు మీకు తప్పుతుంది. బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్మే ఒక పెద్దావిడను రెండోసారి బండి తీయించారు. నాకు కోపం వచ్చింది. ఆ రాత్రే కూర్చుని, బండిని తోసేస్తున్న అధికారిని కోరలు, కొమ్ములు పెట్టి రాక్షసుడిలా గీశాను. మర్నాడు గర్వంగా ఆవిడకే చూపించాను. ఆవిడ కాసేపు చూసి, "ఆయన మంచివాడే నాయనా, నా దగ్గర డబ్బిచ్చే తింటాడు. పైనుంచి కాగితం వస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు?" అంది. నేను పుస్తకాల్లో చదివి అర్థం చేసుకోలేనిది ఆవిడ ఇడ్లీ తీస్తూ చెప్పేసింది. అప్పటి నుంచి నా బొమ్మల్లో విలన్ మనిషి కాదు, కాగితం. ఎత్తైన కాగితాల గోడ, దానికి ఇటు ఆవిడ, అటు ఆకలిగా ఉన్న యాత్రికుడు. అధికారిని గీయాల్సివస్తే అతనూ ఆ గోడ కింద నలిగే మనిషే.

హెచ్చరిక: బండివారి ఫోటో తీసి పెట్టకండి. ఫోటోలో ముఖం, వెనక దుకాణం పేరు, చోటు అన్నీ దొరికిపోతాయి. మీ బొమ్మ ఎంత ప్రచారం పొందితే ఆవిడకు అంత ముప్పు. గీసేటప్పుడు కూడా చీర రంగు, ముక్కుపుడక, బండి మీది రాత మార్చేయండి.

2. నిజం సరిచూసుకోండి

ఒక్క తప్పు అంకె చాలు, మిగతా బొమ్మంతా అబద్ధమైపోవడానికి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. స్నానపు సబ్బు, తలనూనె, టూత్‌పేస్ట్ 18 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి. "మీ సబ్బులో 18 శాతం సర్కారుదే" అన్న పాత కార్డులు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అలాంటిది పంపించి ఒక కిరాణా దుకాణదారు చేత బాగా చీవాట్లు తిన్నవారిలో నేనూ ఒకడిని.

తోపుడుబండి విషయంలో తెలుసుకోవలసింది 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం. వీధి వ్యాపారులందరి సర్వే పూర్తిచేసి, అమ్ముకునే ధ్రువపత్రాలు ఇచ్చేదాకా అప్పటికే ఉన్న వ్యాపారిని తొలగించరాదని అది చెబుతుంది. సర్వే అయిదేళ్ళకొకసారి అయినా చేయాలి. పట్టణ వెండింగ్ కమిటీలో నలభై శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు. వేరే చోటికి మార్చాలన్నా, తీసేయాలన్నా ముప్ఫై రోజుల నోటీసు ఇవ్వాలి.

ఇక్కడ నిజాయితీ కావాలి. "చట్టాలన్నీ పేదల మీద కత్తులే" అని గీయాలని చేయి దురద పెడుతుంది. కానీ ఈ చట్టం చాలావరకు ఆవిడ పక్షాన ఉంది. అది అమలు కాకపోవడమే గొడవ. ఇడ్లీ అమ్మడానికి ధ్రువపత్రం ఎందుకన్న ప్రశ్న మీకుంటే అది వేరే బొమ్మ. రెండూ కలిపితే చూసేవారికి రెండూ అర్థం కావు.

అంకె వాడిన ప్రతి బొమ్మ కింది మూలలో నెల, సంవత్సరం చిన్న అక్షరాల్లో రాయండి. రేపు రేటు మారితే అది పాతదని చూసేవారికే తెలిసిపోతుంది.

3. గళ్ళు గీసుకోండి

కథను గళ్ళుగా విడగొట్టడం ఎక్కడో నేర్చుకోనక్కరలేదు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి బస్సెక్కితే గంట ప్రయాణం. అక్కడి పాత కలంకారీ గుడ్డల్లో రామాయణమంతా వరుస గళ్ళలో నడుస్తుంది, గడికింద తెలుగులో రాత ఉంటుంది. బొమ్మ చూసి అర్థం చేసుకునేవారు బొమ్మ చూస్తారు, చదవగలిగినవారు రాత చదువుకుంటారు. కామిక్ అన్న మాట మనకు తెలియకముందే మన తాతలు దాన్ని గుడ్డ మీద ఆరేశారు.

పుస్తకంలో ఒక పేజీని ఆరు అగ్గిపెట్టెలంత గళ్ళుగా చేసి, ఒకే విషయాన్ని ఆరు రకాలుగా గీయండి. ఒక్కోదానికి రెండు నిమిషాలు మించకూడదు. మొదటి మూడూ ఎవరికైనా తట్టేవే వస్తాయి, వాటిని కొట్టేయండి. మిగతా మూడింటిలో ఒకటి పనికొస్తుంది.

వరుస కథైతే నాలుగు గళ్ళు చాలు. నా బండి కథ ఇలా కుదిరింది:

- మొదటి గడి: తెల్లవారుజాము, ఆవిడ పొయ్యి వెలిగిస్తోంది.
- రెండో గడి: బస్సు దిగిన గుండు యాత్రికులు, చేతిలో లడ్డూ సంచులు, కళ్ళలో ఆకలి.
- మూడో గడి: వాళ్ళకూ ఆవిడకూ మధ్య కాగితాల గోడ. ఒక్కో కాగితం మీద ఒక్కో ముద్ర.
- నాలుగో గడి: ఆరిపోయిన పొయ్యి, ఆకలితోనే వెళ్ళిపోతున్న యాత్రికులు.

నాలుగో గడిలో నష్టం ఇద్దరిదీ అని కనిపించాలి. ఆవిడ ఒక్కతే ఏడుస్తూ కనిపిస్తే చూసేవారికి జాలి కలుగుతుంది, జాలి పడినవారు "ఎవరైనా సాయం చేస్తే బాగుండు" అనుకుంటారు. మీరు చెప్పదలచింది అది కాదు కదా. ఇద్దరు మనుషులు ఇష్టపడి చేసుకోబోయిన బేరం మూడోవాడి వల్ల ఆగిపోయింది అన్నది మీ కథ.

4. గీత, రంగు

కలంకారీవారు వెదురు కలంతో ముందు నల్ల గీతలన్నీ గీసి, తరువాతే రంగుకు వెళతారు. మీరూ అలాగే చేయండి. గీత ఒక్కటే ఉన్నప్పుడు బొమ్మ అర్థం కాకపోతే రంగు దాన్ని కాపాడలేదు. గీతలు లావుగా ఉండాలి. పలుచని గీతలు ఫోనులో అందంగా కనిపించి జిరాక్సులో మాయమవుతాయి.

రంగు దగ్గర మన రాష్ట్రంలో ఒక చిక్కుంది. పసుపు ఎక్కువైతే ఒక పార్టీ, నీలం ఆకుపచ్చ పక్కపక్కన పడితే ఇంకో పార్టీ, ఎరుపు ఒంటరిగా ఉంటే కమ్యూనిస్టులు, కాషాయం సంగతి చెప్పనక్కరలేదు. రంగు ఇక్కడ ఎంత పెద్ద విషయమంటే, పంచాయతీ భవనాలకు వేసిన పార్టీ రంగులు తీసేయమని 2020లో హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. నేను పసుపు బ్యానర్ కట్టిన రోజు వచ్చినవారిలో సగం మంది అభ్యర్థి ఎప్పుడొస్తాడని అడిగారు. ఇప్పుడు నలుపు, ఇటుక రంగు, గుడ్డ సహజ రంగు. ఈ మూడే వాడుతున్నాను. పైగా ఖర్చు తక్కువ.

దేవుడి బొమ్మ వాడకండి. చట్టం మాట అటుంచి, తిరుపతిలో స్వామి బొమ్మ కనబడితే చూసినవారు దండం పెట్టుకుంటారు. దాని పక్కన మీరు గీసిన తోపుడుబండి ఇక ఎవరికీ కనబడదు. జనం మొక్కుగా వేషాలు కట్టే గంగ జాతరలో "లైసెన్సు వేషం" కడదామని ఒక మిత్రుడు ఉత్సాహపడ్డాడు. అది జనం మొక్కు, మన ప్రచారానికి వేదిక కాదని చెప్పి ఆపాను. మూడు సింహాల రాజముద్ర కూడా గీయవద్దు, దాని వాడకం మీద 2005లో ప్రత్యేక చట్టమే వచ్చింది. గుండ్రటి ముద్ర గీసి లోపల గీతలు పెడితే సరిపోతుంది.

5. అక్షరాలు

ఏడు మాటలు మించకూడదు. "స్వేచ్ఛావాదం" అన్న మాట అందులో ఉండకూడదు. "ఆకలి ఇటు, ఇడ్లీ అటు, మధ్యలో ముద్ర" అంటే చాలు. వాదం పేరు తెలుసుకోవాలనిపించినవారు వాళ్ళే అడుగుతారు.

స్వేచ్ఛ అని రాయాల్సివస్తే వత్తు చూసుకోండి. చకు ఛ వత్తు. నా మొదటి ఫ్లెక్సు మీద అది "స్వేచ్చ" అని అచ్చయింది. ఎనిమిది అడుగుల ఎత్తున, మూడు రోజులు. ఒక తెలుగు మాస్టారు రోజూ దాని ముందు ఆగి, నా వైపు చూసి వెళ్ళేవారు. ఫ్లెక్సు వద్దనడానికి నా అసలు కారణం ఇది కావచ్చు.

అచ్చు దుకాణంతో వచ్చే తంటా వేరు. చాలా డీటీపీ దుకాణాల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతోనే పని నడుస్తుంది. మీ యూనికోడ్ వాక్యాన్ని అక్కడి పాత సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. కాబట్టి వాక్యాన్ని వాక్యంగా ఇవ్వకండి. ఇంక్‌స్కేప్‌లో అక్షరాలను ఎంచుకుని, పాత్ మెనూలోని మొదటి ఆదేశంతో వాటిని గీతలుగా మార్చి, పీడీఎఫ్ చేసి ఇవ్వండి. అప్పుడు ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపిస్తుంది. మార్చాక అక్షరం దిద్దలేరు, అందుకే అసలు ఫైలును వేరే పేరుతో దాచుకోండి.

ఊరికి వచ్చే యాత్రికుల్లో తమిళులు, కన్నడిగులు చాలామంది. చిత్తూరు, కుప్పం, నగరి వైపు ఇంట్లో తమిళం మాట్లాడేవారూ తక్కువేమీ కాదు. రాత కోసం బొమ్మ కింద ఖాళీ పట్టీ వదిలిన కాపీ ఒకటి కూడా సిద్ధం చేసి పెట్టుకోండి. తరువాతి అడుగులో ఆ ఖాళీ పట్టీయే మీ బొమ్మను జిల్లా దాటిస్తుంది.

6. ఎవరైనా వాడుకునేలా వదిలిపెట్టండి

నా బొమ్మలు వాడుకోవచ్చా అన్న ప్రశ్నకు జవాబు: వాడుకోండి, కింద రాసిన షరతు చదవండి. షరతు రాయకపోతే మాత్రం మన దేశంలో బొమ్మ గీసినవారికే హక్కు, బతికున్నంతకాలం, ఆపైన మరో అరవై ఏళ్ళు. మంచి మనసుతో పంచినంత మాత్రాన ఎదుటివారికి మార్చుకునే హక్కు రాదు. 2001లో మొదలైన క్రియేటివ్ కామన్స్ (సీసీ) సంస్థ ఇందుకోసమే సిద్ధంగా ఉన్న లైసెన్సులు రాసిపెట్టింది. ఒక పంక్తి చేరిస్తే సరి.

- సీసీ జీరో: అన్ని హక్కులూ వదిలేసినట్టు.
- సీసీ బై: నా పేరు చెప్పి ఏమైనా చేసుకోండి.
- సీసీ బై ఎస్ఏ: పేరు చెప్పండి, మీరు మార్చినదాన్ని కూడా ఇదే షరతు మీద వదలండి. నేను వాడేది ఇదే.
- ఎన్‌సీ చేరితే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ చేరితే మార్చినదాన్ని పంచకూడదు.

చివరి రెండూ వద్దు. ఎన్‌డీ పెడితే మీ రాతను తమిళంలోకి మార్చి పంచే వీలుండదు. ఎన్‌సీ పెట్టడం ఇంకా విడ్డూరం. బేరం చేసుకునే స్వేచ్ఛ గురించి బొమ్మ గీసి, దాన్ని చొక్కాల మీద అచ్చేసి నాలుగు రూపాయలు సంపాదించుకోబోయిన కుర్రవాడిని మీరే ఆపుతారా? అసలు ఇలాంటి హక్కులు ఆస్తి కిందికి వస్తాయా, రావా అని స్వేచ్ఛావాదుల్లోనే పెద్ద తగువుంది. ఆ తగువు తేలేదాకా ఆగనక్కరలేదు.

హెచ్చరికలు రెండు. ఒకసారి ఇచ్చిన లైసెన్సును వెనక్కి తీసుకోలేరు. మీది కానిదాన్ని మీరు ఇవ్వలేరు. సినిమాలో హాస్యనటుడి ముఖం మీద రాత పెట్టి అందరూ పంచుతూనే ఉంటారు, నిజమే. కానీ సినిమాకు విడుదలైనప్పటి నుంచి అరవై ఏళ్ళు హక్కులుంటాయి. ఆ ముఖం మీ బొమ్మలో ఉన్నంతవరకు దాన్ని అందరి సొత్తుగా వదలడం మీ చేతిలో లేదు. దానికి బదులు మీ బృందంలో ఎవరి ముఖం బాగా వంకర్లు తిరుగుతుందో చూసి, అడిగి ఒప్పించి, పది హావభావాలు ఫోటో తీసుకోండి. మా బృందంలో ఒక ఆడిటర్ ఉన్నారు, ఆయన ముఖం ఇప్పుడు చిత్తూరు నుంచి సత్యవేడు దాకా తిరుగుతోంది.

వీధిలో శాశ్వతంగా ఉన్న కట్టడాలు, విగ్రహాలు గీయడానికి, ఫోటో తీయడానికి కాపీరైటు చట్టమే వీలిచ్చింది. భయపడనక్కరలేదు.

ఎక్కడ దాచాలి? అసలు ఫైలు, ఖాళీ పట్టీ ప్రతి, పీడీఎఫ్ మూడూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టండి. వికీమీడియా కామన్స్ వీధుల, చేతిపనుల ఫోటోలకు బాగుంటుంది. మీ ప్రచార పోస్టర్లు మాత్రం తమ పరిధిలోకి రావని అక్కడ తొలగించే అవకాశం ఉంది.

7. బయటికి పంపండి

ఫోనుకు: చతురస్రం 1080 × 1080 పిక్సెళ్ళు, స్టేటస్‌కు 1080 × 1920. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదించేస్తుంది, అచ్చు వేసుకునేవారికి డాక్యుమెంటుగా పంపండి.

కాగితానికి: ఏ4 సైజు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 2480 × 3508 పిక్సెళ్ళు. ఫోనుకు చేసినదాన్నే సాగదీసి అచ్చేస్తే అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి.

గుడ్డకు: ఇదే నాకు ఇష్టమైనది. పాత ఎక్స్‌రే ఫిల్మును గోరువెచ్చని సబ్బునీళ్ళలో కాసేపు నానబెట్టి తోమితే కొంత నలుపు పోతుంది, పోకపోయినా పని జరుగుతుంది. బొమ్మను దాని మీద అతికించి కట్టర్‌తో కోయండి. తెలుగు అక్షరాలతో వచ్చే చిక్కు గుండ్రం. సున్నాను కోస్తే నడిమి ముక్క ఊడి చేతికొస్తుంది. ర, ఠ, థ అన్నీ అంతే. ప్రతి గుండ్రానికీ రెండు చోట్ల సన్నని వంతెనలు వదిలి కోయాలి. స్పాంజిని రంగులో ముంచి, పాత పేపరు మీద ఒకసారి అద్ది, అప్పుడు గుడ్డ మీద తట్టండి. రుద్దితే రంగు ఫిల్ము కిందికి పాకి అక్షరం ఉబ్బుతుంది. ఒక ఫిల్ముతో యాభై గుడ్డలు చేయవచ్చు. కాళహస్తి కళాకారుల చేత నిజమైన కలంకారీ వేయించుకుందామా అని కొందరు అడిగారు. డబ్బుంటే తప్పకుండా. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ, బెల్లం ఇనుము ఊరబెట్టిన నలుపు, వారాల శ్రమ. అది వీధిలో కట్టేది కాదు, గ్రంథాలయం గోడకు పదేళ్ళు ఉండాల్సింది. బేరం ఆడకుండా ఇవ్వగలిగితేనే అడగండి.

గోడలకు: యజమాని అనుమతి కాగితం మీద తీసుకోకుండా అంటించకండి, రాయకండి. బహిరంగ స్థలాలను పాడుచేయడం మీద రాష్ట్రంలో 1997 నుంచి చట్టం ఉంది. చట్టం లేకపోయినా, పరాయివాడి గోడ మీద "ఎవరి ఆస్తి వారిది" అని రాసిన మనిషిని చూసి ఊరంతా నవ్వుతుంది.

కొండ మీద వద్దే వద్దు. సంచిలో పోస్టర్లు పెట్టుకుని అలిపిరి దాటకండి. తిరుమల రాజకీయ ప్రచారానికి చోటు కాదు. అక్కడి నియమాలు అక్కడివారివి.

ఎన్నికల వేళ: అభ్యర్థికి లాభమో నష్టమో చేసేలా ఉన్న ప్రతి కరపత్రం మీదా, పోస్టర్ మీదా అచ్చువేసినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్. నేనైతే ఆ నెలలో కొత్త బొమ్మలు వదలను. ఏం గీసినా ఎవరో ఒకరి ఖాతాలో వేసేస్తారు.

ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతలకు శిక్ష వేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది కదా, ఇక ఏం పెట్టినా ఫరవాలేదు అనుకోవద్దు. పరువు నష్టం, మత విద్వేషం సెక్షన్లు అలాగే ఉన్నాయి. విలన్‌గా కాగితాన్ని గీయమన్నది ఇందుకు కూడా.

8. పని చేసిందో లేదో చూసుకోండి

వదలడానికి ముందు మూడు పరీక్షలు.

జిరాక్సు పరీక్ష. బొమ్మను జిరాక్సు తీయించి, ఆ జిరాక్సును మళ్ళీ జిరాక్సు తీయించండి. ఆ రెండో జిరాక్సులో కూడా మనిషెవరో, గోడేదో తెలియాలి. మా ఊళ్ళో బొమ్మలు తిరిగేది ఇలాగే.

ఎండ పరీక్ష. మిట్టమధ్యాహ్నం ఫోను వెలుతురు తగ్గించి, చేయి చాచి చూడండి. రాత కనబడకపోతే అక్షరం పెంచకండి, మాట తగ్గించండి.

అయిదు సెకన్ల పరీక్ష. మొదట చెప్పిన ఆ ముగ్గురికి బొమ్మ చూపి, అయిదు లెక్కపెట్టి దాచేయండి. "బాగుందా?" అని అడగకూడదు, మొహమాటానికి బాగుందంటారు. "ఇందులో ఏం జరుగుతోంది?" అని అడిగి నోరు మూసుకోండి. ముగ్గురిలో ఇద్దరు కథను సొంత మాటల్లో చెబితే వదలండి. "ఏదో ప్రభుత్వం మీద" అంటే మళ్ళీ మూడో అడుగుకు వెళ్ళండి. "పాపం ముసలావిడ" అంటే నాలుగో గడి మార్చండి. "ఇది ఏ పార్టీవాళ్ళది?" అంటే రంగు మార్చండి.

వదిలాక లైకులు లెక్కపెట్టకండి. అవి మీ బృందంలోవారే నొక్కుతారు. నేను లెక్కపెట్టేవి రెండు: మన వాదం తెలియనివారు ఎందరు తిరిగి అడిగారు, ఎందరు దాన్ని తీసుకుని ఏదో ఒకటి మార్చారు. బండి బొమ్మను ఒకరు చేపల తట్టగా మార్చారు, ఒకరు ఖాళీ పట్టీలో తమిళం రాశారు, రేణిగుంట వైపు ఒక ఆటో వెనక అది అచ్చుతప్పుతో సహా కనిపించింది.

మీతో విభేదించేవారూ మారుస్తారు, దానికి సిద్ధపడండి. నా కాగితాల గోడ మీద "కల్తీ తనిఖీ" అని రాసి, యాత్రికుడు కడుపు పట్టుకుని కూర్చున్నట్టు గీసి, నియంత్రణ కావాలన్న పోస్టర్‌గా ఒకరు తిప్పారు. అది ఆపించలేమా అని మావాళ్ళు అడిగారు. ఆపలేం, లైసెన్సు అందుకే ఇచ్చాం. అలాంటి మార్పు మీద మన పేరు వద్దనుకుంటే తీసేయమని అడిగే వీలు మాత్రం లైసెన్సులోనే ఉంది. నేను అడగలేదు. ఆయన గీసిన బండి చక్రం నాదానికంటే బాగా వచ్చింది. షరతు ప్రకారం అదీ అందరిదే కాబట్టి, ఇప్పుడు నా బొమ్మలో ఉన్నది ఆ చక్రమే, కింద ఆయన పేరుతో.